సైకిల్ రైడ్‌కి సంచిలో ఏం పెట్టాలి, ఏం పెట్టక్కర్లేదు

దారిలో సైకిల్ మొరాయించడానికి కారణాలు బోలెడు. అయితే అన్నిటికీ ఒకే విలువ ఇవ్వకూడదు. పంక్చర్ మాటిమాటికీ అవుతుంది, చేయి తిరిగితే పది నిమిషాల పని. చైను తెగడం అరుదే గానీ, తెగిందంటే సామాను లేనివాడికి ఆ రోజు తొక్కుడు అక్కడితో సరి. ద్రవం ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకు గొట్టం చిట్లడం ఇంకా అరుదు, అప్పుడు సంచిలో ఏమున్నా ప్రయోజనం లేదు. అందుకని ఏ వస్తువునైనా మూడు ప్రశ్నలు వేసుకున్నాకే సంచిలోకి రానివ్వాలి. ఇది లేకపోతే సైకిల్ నిజంగా ఆగిపోతుందా? ఆ మరమ్మతు రోడ్డు పక్కన అవుతుందా? ఇది నా సైకిల్‌కి పడుతుందా? మొదటి రెండిటినీ అందరూ ఆలోచిస్తారు. బోల్తా కొట్టేది మూడోదాని దగ్గరే. సంచిలో ట్యూబు ఉంటుంది, దాని వాల్వు రిమ్ము దాటి బయటికి రాదు. ఆరు పలకల ఎలన్ కీలు ఏడుంటాయి, చక్రానికున్నది నట్టు.

ముందు సైకిల్ చుట్టూ ఒకసారి తిరగండి

కొనడానికి వెళ్ళేముందే కాగితం పట్టుకుని కూర్చోవాలి. చక్రాలు దేనితో బిగించి ఉన్నాయి? మీట తిప్పితే ఊడే క్విక్ రిలీజ్ అయితే పనిముట్టే అక్కర్లేదు. హబ్బులోంచి దూరి ఫ్రేమ్‌లోకి మరలా బిగుసుకునే ఇరుసు, అంటే థ్రూ యాక్సిల్ అయితే, దానికి మీట లేకపోతే సాధారణంగా 5 లేదా 6 మి.మీ. ఎలన్ కీ కావాలి. ఇక గేర్లు లేని సైకిళ్ళకీ చక్రం నడుమ హబ్బులోనే గేర్లుండే సైకిళ్ళకీ ఎక్కువగా ఉండేది నట్లతో బిగించిన ఇరుసు. దీనికి వెనక చక్రానికి సాధారణంగా 15 మి.మీ. పానా పడుతుంది. ముందు నట్టు వేరే సైజు ఉండొచ్చు, కొలిచి చూసుకోవాలి. పలు కీలను ఒకేదానిలో మడిచిపెట్టిన మల్టీటూల్‌లో ఈ పానా సాధారణంగా ఉండదు, విడిగా పెట్టుకోవాల్సిందే.

ఆ తర్వాత రిమ్ము లోతు, వాల్వు రకం, టైరు పక్కన అచ్చువేసిన సైజు, చైను ఎన్ని స్పీడ్‌లది, బ్రేకు ప్యాడ్ ఆకారం, డిరైలర్ (చైనుని ఒక పళ్ళచక్రం నుంచి ఇంకోదానికి మార్చే భాగం) వేలాడే హ్యాంగర్ మోడల్ రాసుకోవాలి. చివరిగా ప్రతి బోల్టు తలలోకీ కీ పెట్టి చూడాలి. చాలా సైకిళ్ళకు 4, 5, 6 మి.మీ. కీలతోనే ముప్పాతిక పని అయిపోతుంది. డిస్క్ బ్రేకు పళ్ళెం, అంటే రోటర్ బోల్టులకూ కొన్ని హ్యాండిల్ స్టెమ్‌లకూ నక్షత్రం ఆకారపు టీ25 కావాలి. డిరైలర్ సర్దుబాటు మరలకు ప్లస్ స్క్రూడ్రైవరో 2 మి.మీ. కీయో పడుతుంది. కొన్ని పెడళ్ళకు 8 మి.మీ. కీ కావాలి.

ట్యూబు మార్చడమా, ప్యాచ్ వేయడమా

రెండూ ఉండాలి, కానీ వరస తెలియాలి. రోడ్డు మీద మొదటి పంక్చర్‌కి ట్యూబు మార్చేయడమే మేలు. సన్నని రంధ్రాన్ని గాలి హోరులో వెతకడం కష్టం, వాన పడుతుంటే ప్యాచ్ అంటదు. తీసేసిన ట్యూబుకి ఇంటికొచ్చాక తీరిగ్గా ప్యాచ్ వేసుకోవచ్చు. ప్యాచ్ కిట్ రెండో పంక్చర్ కోసం.

దీనికో మినహాయింపు ఉంది. నట్ల చక్రాలకూ మోటారున్న హబ్‌లకూ వెనక చక్రం విప్పడం పెద్ద తతంగం. ముల్లు ఎక్కడ దిగిందో కనిపిస్తుంటే చక్రం విప్పకుండానే అక్కడ టైరు అంచు ఒకవైపు తప్పించి, ట్యూబులో ఆ ముక్క మాత్రం బయటికి లాగి ప్యాచ్ వేయొచ్చు. ఇలాంటి సైకిళ్ళకు ప్యాచ్ కిట్‌దే మొదటి స్థానం.

ట్యూబు సైజు చూసేటప్పుడు చక్రం సైజు చెప్పే 700 అన్న అంకె ఒక్కటీ చాలదు. 25 నుంచి 32 మి.మీ. వెడల్పుకి చేసిన ట్యూబుని 45 మి.మీ. టైరులో వేస్తే అది సాగి పల్చబడుతుంది, గాలి త్వరగా వదిలేస్తుంది. పెద్ద ట్యూబుని సన్న టైరులో కుక్కితే మడతపడి ఆ మడత దగ్గరే చిట్లుతుంది. సన్నని ప్రెస్టా వాల్వు 6 మి.మీ., మోటారు వాహనాలకుండే ష్రేడర్ వాల్వు 8 మి.మీ. ప్రెస్టాకి వేసిన రంధ్రంలో ష్రేడర్ దూరదు. ష్రేడర్ రంధ్రంలో ప్రెస్టా దూరుతుంది గానీ, చుట్టూ సందు మిగిలి వాల్వు మొదలు కోసుకుపోతుంది. పొడవు విషయంలో రిమ్ము లోతు కన్నా కనీసం 15 నుంచి 20 మి.మీ. ఎక్కువ ఉండాలి. 50 మి.మీ. లోతు రిమ్ముకి 60 మి.మీ. వాల్వు కంటికి సరిపోయినట్టే ఉంటుంది, పంపు తలకి పట్టు దొరకదు. 80 మి.మీ.ది తీసుకోవాలి.

రబ్బరు ట్యూబు బదులు టీపీయూ అనే ప్లాస్టిక్ ట్యూబు పెట్టుకోవచ్చా? సన్న టైర్ల రబ్బరు ట్యూబు 100 గ్రాముల పైచిలుకు ఉంటే, ఇది 25 నుంచి 40 గ్రాములు. మడిస్తే పిడికిట్లో దాగుతుంది, స్పేర్‌గా పెట్టుకోవడానికి చక్కగా ఉంటుంది. చిక్కు ఏమిటంటే దీనికి మామూలు సొల్యూషన్, రబ్బరు ప్యాచ్ పనికిరావు, దాని సొంత ప్యాచ్‌లే కావాలి. టైరు బయట గాలి కొడితే సాగిపోయి మళ్ళీ మామూలు సైజుకి రాదు. రిమ్ము మీద పట్టే బ్రేకులతో పెద్ద దిగుడు దారుల్లో రిమ్ము బాగా వేడెక్కుతుంది కాబట్టి, రిమ్ము బ్రేకుకి పనికొస్తుందని తయారీదారు రాస్తేనే వాడాలి. రోజూ తొక్కేది రబ్బరు ట్యూబు, సంచిలో ఉండేది టీపీయూ ట్యూబు. చాలామందికి ఈ కలయికే నప్పుతుంది.

ప్యాచ్‌లలోనూ రెండు జాతులు. సొల్యూషన్ రాసి అంటించేది ట్యూబుతో కలిసిపోయి, ట్యూబు ఉన్నంతకాలం ఉంటుంది. అయితే ఉప్పుకాగితంతో గరుకు చేసి, పల్చగా రాసి, వేలికి అంటనంత వరకు ఆరనివ్వాలి, సుమారు అయిదు నిమిషాలు. తడిగా ఉండగానే ప్యాచ్ నొక్కడమే అది ఊడిపోవడానికి మొదటి కారణం. స్టిక్కర్‌లా అంటుకునే రెండో రకం ఒక్క నిమిషంలో అయిపోతుంది, కానీ ఎక్కువ ప్రెషర్‌లోనూ ఎండ వేడిలోనూ రోజులు గడిచేకొద్దీ అంచులు లేస్తాయి. సొల్యూషన్ గొట్టానికో దొంగబుద్ధి ఉంది. ఒకసారి మూత తెరిస్తే కొన్ని నెలల్లో లోపల ఎండిపోతుంది, పైకి నిండుగానే కనిపిస్తుంది. ఏడాదికి రెండు మూడు పంక్చర్లే అయ్యేవాళ్ళకి స్టిక్కర్ రకమే నయం, ఎక్కువ తిరిగేవాళ్ళకి సొల్యూషన్.

టైరు అంచుని రిమ్ము నుంచి ఎత్తే లీవర్లు ప్లాస్టిక్‌వి రెండు చాలు. ఇనుపవి విరగవు గానీ రిమ్ముని గీకుతాయి, ట్యూబుని నొక్కి ఇంకో రంధ్రం చేస్తాయి. టైరు ఎక్కకపోతే మూడో లీవరు కోసం చూడక్కర్లేదు. ఎక్కిన వైపు అంచుని చుట్టూ నొక్కుకుంటూ రిమ్ము మధ్యనున్న పల్లంలోకి దించితే అవతల వైపు వదులు దొరుకుతుంది. వాల్వుకి ఎదురుగా మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించాలి. వాల్వు దగ్గర మొదలుపెడితే ఆ పల్లాన్ని వాల్వే ఆక్రమించుకుంటుంది. కొత్త ట్యూబు వేసేముందు టైరు లోపల గుడ్డతో తుడిచి ముల్లు తీసేయకపోతే కొత్తదీ అయిదు నిమిషాల్లో పోతుంది. టైరు మీది పేరుని ఎప్పుడూ వాల్వుకి సూటిగా ఉంచి బిగించే అలవాటుంటే, ట్యూబులో రంధ్రం ఎక్కడుందో చూసి టైరులో ముల్లు ఎక్కడుందో చెప్పేయొచ్చు.

గాలి కొట్టడానికి ఏది

చేతి పంపుకి అలుపు లేదు, అలుపంతా మనకే. 28 మి.మీ. టైరుకి చిన్న పంపుతో తొక్కదగ్గ ప్రెషర్ తేవడానికి రెండు మూడు వందల సార్లు కొట్టాలి. ఇక్కడా ఎంపిక ఉంది. సన్నని గొట్టమున్నది ఒక్కోసారికి కొంచెమే గాలి తోస్తుంది, కానీ ప్రెషర్ 80 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దాటినా చేయి ఆడుతుంది. లావు గొట్టమున్నది వెడల్పు టైర్లను త్వరగా నింపుతుంది, 50 దాటేసరికి కదలనంటుంది. పొట్టి హోస్ ఉన్న పంపు కాస్త బరువైనా అదే తీసుకోండి. హోస్ లేనిది ప్రతి తోపుకీ వాల్వుని అటూ ఇటూ వంచుతుంది, ప్రెస్టా పిన్ను వంగేది అలాగే.

ఒత్తిడితో గ్యాస్ నింపిన చిన్న డబ్బా, అంటే గ్యాస్ కార్ట్రిడ్జ్ సంగతి లెక్కతోనే తేల్చుకోవాలి. 16 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ అంటే మామూలు ఉష్ణోగ్రత దగ్గర సుమారు 8.7 లీటర్ల గ్యాస్. 25 మి.మీ. సన్న టైరు లోపల చోటు ఒక లీటరు, అంటే 100 పీఎస్‌ఐ దాటేస్తుంది, చూసుకుంటూ ఆపాలి. 32 మి.మీ. టైరుకి 70 పీఎస్‌ఐ చిల్లర వస్తుంది, బ్రహ్మాండం. అదే 29 అంగుళాల మౌంటెన్ సైకిల్ 2.25 టైరులో చోటు అయిదు లీటర్లకు పైనే. 16 గ్రాములది ఇరవై పీఎస్‌ఐ దగ్గరే ఆగిపోతుంది, 25 గ్రాములది కావాలి. గ్యాస్ వదిలేటప్పుడు కార్ట్రిడ్జ్ మంచు కడుతుంది, గుడ్డో రబ్బరు తొడుగో లేకుండా పట్టుకుంటే చర్మం అంటుకుపోతుంది. ఈ వాయువు రబ్బరులోంచి మామూలు గాలి కన్నా వేగంగా కారిపోతుంది. కాబట్టి మర్నాడు టైరు మెత్తబడితే కొత్త పంక్చర్ అనుకోకండి, ఉన్నది వదిలేసి పంపుతో నింపుకోండి.

బ్యాటరీతో నడిచే చిన్న పంపులు అరచేతిలో పడతాయి, పని ఇట్టే అయిపోతుంది. రెండు మూడు టైర్లకు మించి చార్జింగ్ రాదు, నడిచేటప్పుడు వేడెక్కుతాయి, టీపీయూ వాల్వులు చాలావరకు ప్లాస్టిక్‌వి కాబట్టి మధ్యలో హోస్ పెట్టి వాడాలి. వేగంగా పని కావాలంటే కార్ట్రిడ్జో బ్యాటరీ పంపో పెట్టుకోండి, తప్పు లేదు. కానీ ఇంటికి చాలా దూరం వెళ్ళే రోజున వాటితోపాటు చేతి పంపు కూడా ఉండాలి. కార్ట్రిడ్జ్ తలని సరిగ్గా బిగించకపోతే గ్యాసంతా మూడు సెకన్లలో గాలిలో కలుస్తుంది.

ట్యూబ్‌లెస్ వాళ్ళకి

వీళ్ళ టైరులో ట్యూబు ఉండదు, చిన్న రంధ్రాలను తనంతట మూసే సీలెంట్ ద్రవం ఉంటుంది. సీలెంట్ ఉంది కదా అని చేతులూపుకుంటూ వెళ్ళడం పొరపాటు. సీలెంట్ వాతావరణాన్ని బట్టి రెండు నుంచి ఆరు నెలల్లో ఎండిపోతుంది. అది ద్రవంగా ఉన్నప్పుడు కూడా ముల్లు, సన్న మేకు చేసిన రంధ్రాలనే మూస్తుంది. అంతకన్నా పెద్దదైతే జిగురు పట్టిన తాడు ముక్కను సూదితో లోపలికి గుచ్చే ప్లగ్ కావాలి. దీని బరువు లెక్కలోకి రాదు, చక్రం విప్పే పని లేదు, నిమిషంలో అయిపోతుంది. ట్యూబ్‌లెస్ సైకిల్‌కి ప్లగ్ సూది, అయిదారు తాళ్ళు, వాల్వు లోపలి ముక్క (కోర్) తీసే చిన్న కీ ఖాయంగా ఉండాలి.

ట్యూబు మాత్రం మానేయకూడదు. టైరు పక్క గోడ చీలితే ప్లగ్ నిలవదు. అప్పుడు ట్యూబ్‌లెస్ వాల్వు తీసేసి లోపల ట్యూబు వేయాలి. ఇక్కడ రెండు చిక్కులు. ఆ వాల్వు కింది నట్టు సీలెంట్‌తో బిగుసుకుపోతే వేళ్ళకు రాదు, కాబట్టి ఇంట్లోనే ఒకసారి వదులుచేసి చేత్తో మాత్రమే బిగించి ఉంచాలి. రెండోది ఇంకా కొంటె చిక్కు. ఇన్నాళ్ళూ సీలెంట్ మూసేసిన ముళ్ళన్నీ టైరు లోపలికి తొంగిచూస్తూనే ఉంటాయి. వాటిని ఒక్కొక్కటే తీయకుండా ట్యూబు వేశారంటే అన్నీ కలిసి పని పడతాయి. చేతులు పాడవకుండా ఒక జత పల్చటి గ్లవ్స్ పెట్టుకోండి.

చీలిన టైరుకి లోపల అడ్డుపెట్టడానికి ఒక ముక్క ఉండాలి. కొనే బూట్ స్టిక్కర్ పనిచేస్తుంది, పాత సన్న టైరు పక్క గోడ నుంచి అయిదు సెంటీమీటర్ల ముక్క కోసుకున్నా చాలు. ఖాళీ టూత్‌పేస్ట్ గొట్టం ముక్క కూడా ఇంటిదాకా చేరుస్తుంది. ఇది ట్యూబుల సైకిళ్ళకూ వర్తిస్తుంది.

మల్టీటూల్, చైన్ టూల్

ఇరవై పనిముట్లున్న మల్టీటూల్‌ని చూసి మురిసిపోవద్దు. మీ కాగితం మీద రాసిన సైజులన్నీ ఉండి, మిగతావి ఎంత తక్కువుంటే అంత మంచిది. పొట్టి కీకి బలం చాలదు, బిగుసుకున్న పెడల్ విప్పడానికి ఏ మల్టీటూలూ పనికిరాదు. ఇంకో లోపం కొన్నాక గానీ తెలియదు. దాని ఒళ్ళు లావు కాబట్టి ఫ్రేమ్‌కి దగ్గరగా ఉండే నీళ్ళ సీసా హోల్డర్ బోల్టులకీ, క్యారియర్ బోల్టులకీ కీ అందదు, అందినా పావు చుట్టు కూడా తిరగదు. విడి కీల చిన్న సెట్టు, వాటిని తిప్పే చిన్న రాచెట్ ఉన్నది ఈ విషయంలో నయం, అయితే దారిలో ఒక్కో ముక్క జారి గడ్డిలో పడిపోయే ప్రమాదం ఉంది.

చైను తెగితే పిన్ను తోసే చైన్ టూల్ ఒక్కటే చాలదు, చేత్తో కలిపే క్విక్ లింక్ ఒక్కటే కూడా చాలదు. వంగిన లింకుని టూల్‌తో తీసేయాలి, ఆ చోట క్విక్ లింక్ పెట్టాలి. లింకు చైను స్పీడ్‌కి సరిపోవాలి. తొమ్మిది స్పీడ్‌ల చైను బయటి వెడల్పు సుమారు 6.6 మి.మీ. అయితే పదకొండుది 5.5, పన్నెండుది 5.3 దగ్గర ఉంటుంది. పదకొండు స్పీడ్‌ల చైనుకి తొమ్మిది లింకు పెడితే పట్టు ఉండదు, పక్క పళ్ళకు ఒరుసుకుంటుంది. రెండు చివరలూ లోపలి పలకలతోనే మిగలాలి, అప్పుడే లింకు కుదురుతుంది. పెట్టాక దాన్ని పై వరసలోకి తెచ్చి, వెనక బ్రేకు పట్టుకుని పెడల్ మీద గట్టిగా నొక్కితే టక్కున కూర్చుంటుంది. లింకులు తీసేయడంతో చైను పొట్టిదైతే ముందున్న పెద్ద పళ్ళెం, వెనకున్న పెద్ద పళ్ళచక్రం కలిపి వాడొద్దు. డిరైలర్ ఊడొస్తుంది. క్విక్ లింకులు రెండు పెట్టుకోండి, రెండూ కలిపి పది గ్రాములుండవు. మల్టీటూల్‌లోనే చైన్ టూల్ ఉంటే ఇంట్లో పాత చైను ముక్క మీద ఒకసారి నొక్కి చూడండి. కొన్నిటికి పిన్ను అక్కడే వంగిపోతుంది.

మిగతావి, ఎవరికి కావాలో వాళ్ళకి

డిరైలర్ హ్యాంగర్ అనేది ఫ్రేమ్‌కీ డిరైలర్‌కీ మధ్యనుండే మెత్తటి అల్యూమినియం ముక్క. సైకిల్ కుడివైపుకి పడితే ముందు వంగాల్సింది అదే. వంగాక చిన్న గేరులోకి, అంటే పెద్ద పళ్ళచక్రం మీదికి వేస్తే డిరైలర్ చువ్వల్లోకి వెళ్ళి చక్రాన్నే తినేస్తుంది. వందల రకాల ఆకారాలుంటాయి, పక్క ఊరి దుకాణంలో మీది దొరుకుతుందని నమ్మకం లేదు. కాబట్టి బయలుదేరే ముందే కొని, దాని బోల్టులతో సహా సంచి అడుగున పడేయాలి.

గేరు కేబుల్ ఒక రోజు రైడ్‌కి అక్కర్లేదు. అది తెగితే వెనక డిరైలర్ చిన్న పళ్ళచక్రం మీదికి జారుతుంది. హెచ్ అని రాసున్న మరని బిగిస్తే ఒకటి రెండు పళ్ళచక్రాల లోపలికి జరిపి అక్కడే ఉంచొచ్చు. కొండలు లేకపోతే ఇల్లు చేరడానికి అదే చాలు. రోజుల తరబడి తిరిగేవాళ్ళు ఒక గేరు కేబుల్, కేబుల్ బ్రేకులైతే ఒక బ్రేకు కేబుల్ పెట్టుకోవాలి. బ్రేకు కేబుల్ చివరి తల రోడ్ సైకిల్‌కి ఒక రకం, మౌంటెన్ సైకిల్‌కి ఇంకో రకం ఉంటుంది.

వెనక కుడివైపు చువ్వలే ఎక్కువగా తెగుతాయి, వాటిని మార్చాలంటే వెనక పళ్ళచక్రాల కట్ట, అంటే క్యాసెట్ విప్పాలి. ఆ టూల్ ఎవరూ మోయరు. కాబట్టి సామాన్ల బరువుతో వెళ్ళేవాళ్ళకు దారంలా మెత్తటి అత్యవసర చువ్వ మంచి ఎంపిక. దాంతోపాటు చువ్వ చివరి నట్టు, అంటే నిపుల్ సైజుకి సరిపోయే చువ్వల కీ. మిగతావాళ్ళు తెగిన చువ్వను పక్కదానికి చుట్టేసి, చువ్వల కీ ఉంటే దాని అటూ ఇటూ చువ్వలను అరచుట్టు వదులు చేస్తే ఊగుడు తగ్గుతుంది. డిస్క్ బ్రేకులకు రిమ్ము కొద్దిగా ఊగినా ఇబ్బంది లేదు, రిమ్ము బ్రేకులకు మాత్రం ప్యాడ్ తగులుతుంది.

డిస్క్ ప్యాడ్లు వాన, బురద, కొండ దిగుడు ఉన్న ప్రయాణాలకే. రెసిన్ రకం బురదలో ఒక్క రోజులో అరిగిపోగలదు. మెటల్ ప్యాడ్ ఎక్కువ రోజులొస్తుంది గానీ, రోటర్ మీద రెసిన్ మాత్రమే అని రాసుంటే వేయకూడదు. చక్రం విప్పినప్పుడు హైడ్రాలిక్ బ్రేకు మీట నొక్కితే పిస్టన్లు మూసుకుపోతాయి. మధ్యలో మడిచిన అట్ట ముక్క పెట్టండి.

ఎలక్ట్రానిక్ గేర్లవాళ్ళకు సీఆర్2032 లాంటి బటన్ బ్యాటరీ, మీ షిఫ్టర్ ఏది వాడుతుందో అది. క్యారియర్, మడ్‌గార్డ్ ఉన్నవాళ్ళకు ఎం5 బోల్టులు రెండు, జిప్ టైలు నాలుగు. పంపు చుట్టూ మీటరు టేపు చుట్టేస్తే విడిగా చోటు అక్కర్లేదు.

ఫోర్కు విరగడం, ఫ్రేమ్ పగలడం సంచిలో తీరేవి కావు. 1913 టూర్ డి ఫ్రాన్స్‌లో యూజీన్ క్రిస్టోఫ్ ఫోర్కు విరిగితే కమ్మరి కొలిమి దాకా నడిచి వెళ్ళి తనే అతికాడు. కొలిమి తిత్తి ఊదిన కుర్రాడి సాయం తీసుకున్నందుకు శిక్ష కూడా వేశారు.

దూరాన్ని బట్టి

ఇంటికి నడిచి చేరగలిగే దూరంలో, అంటే అయిదారు కిలోమీటర్ల లోపల తిరిగేవాళ్ళకు ట్యూబు, లీవర్లు, పంపు, చక్రం విప్పే పనిముట్టు చాలు. సగం రోజు, నూరు కిలోమీటర్ల రైడ్‌కి వీటికి ప్యాచ్‌లు, మల్టీటూల్, చైన్ టూల్, క్విక్ లింకులు, బూట్ ముక్క, రెండు జిప్ టైలు చేర్చాలి. అంతా కలిపి అర కిలో దగ్గర ఉంటుంది. 200 కిలోమీటర్లు 13 గంటల 30 నిమిషాల్లో ముగించాల్సిన బ్రెవే అనే గడువు రైడ్ లాంటివాటికి రెండో ట్యూబు, హ్యాంగర్, బటన్ బ్యాటరీ కూడా. అక్కడ ఖర్చయ్యేది కాలం, కాబట్టి కార్ట్రిడ్జ్ బరువుకి తగ్గ విలువ ఉంది. కేబుళ్ళు, చువ్వ, ప్యాడ్లు, చిన్న సీసాలో చైన్ నూనె రోజుల ప్రయాణానికి మాత్రమే. గుంపుగా వెళ్ళేటప్పుడు చైన్ టూల్, పంపు పంచుకోవచ్చు. ట్యూబు, హ్యాంగర్, క్విక్ లింకు పంచుకోకూడదు, పక్కవాడిది మీకు పడకపోవచ్చు.

సంచిలో ట్యూబుని పనిముట్ల పక్కన ఒట్టిగా పడేస్తే రోడ్డు కుదుపుకి ఒరుసుకుని అక్కడే రంధ్రం పడుతుంది. పాత సాక్సులోనో జిప్ కవరులోనో పెట్టి, కాస్త పౌడర్ చల్లండి. మల్టీటూల్‌ని నూనె గుడ్డలో చుడితే తుప్పు పట్టదు, ఆ గుడ్డ చేతులు తుడుచుకోవడానికీ పనికొస్తుంది. ఒక సెలవు రోజున ఇంటి ముందు ఆ సంచి ఒక్కటే పెట్టుకుని వెనక చక్రం విప్పి, ట్యూబు మార్చి, ఆ పంపుతోనే గాలి నింపండి. మధ్యలో లేచి ఇంట్లోకి వెళ్ళి ఏదైనా తెచ్చుకోవాల్సి వస్తే, దాన్ని సంచిలో వేశాకే జిప్పు మూయండి.